గాని అంటే ఆర్ అనుకున్నాను

తెలుగు టైపులో హయ్యర్ గ్రేడ్ పాసై ఉద్యోగంలో చేరినదాన్ని నేను. నా వేళ్ళ కింద నలిగిన 'గాని'లకూ 'కావున'లకూ లెక్కలేదు. అలాంటిది, రిటైర్మెంటు ఇక కనుచూపు దూరంలో ఉందనగా అదే 'గాని' నన్ను నిలువునా ముంచబోయింది. ముంచలేదు. పైగా నా సర్వీసు మొత్తంలో తలెత్తుకుని చెప్పుకోగల పని ఒకటి నా చేత చేయించింది. కొత్తగా ఆఫీసుల్లో చేరి, కంప్యూటర్ని ప్రశ్నలడిగి జవాబులు తీసే పిల్లలు ఇది చదివితే నాకు సంతోషం. చదివి నవ్వుకున్నా ఫర్వాలేదు, నేనూ ఇప్పుడు నవ్వుకుంటూనే రాస్తున్నాను.

నరసరావుపేటలో తాగునీళ్ళు పరీక్ష చేసే చిన్న ఆఫీసు మాది. చుట్టుపక్కల మండలాల నుంచి బోర్ల నీళ్ళు సీసాల్లో వచ్చేవి. మా కెమిస్ట్ గారు వాటిని పరీక్ష చేసి, ఏ బోరులో ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత అని తేల్చేవారు. ఆ తర్వాత మా పెయింటర్ ఊరూరూ తిరిగి పంపుల మీద గుర్తులు వేసేవాడు. నీలం గుర్తుంటే తాగొచ్చు, ఎర్ర గుర్తుంటే తాగకూడదు. మా పని మొత్తం చివరికి ఆ రెండు రంగుల్లోకి వచ్చి ఆగేది.

వినుకొండ దాటాక వచ్చే మెట్ట ఊళ్ళలో ఫ్లోరైడు ఏం చేస్తుందో మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. పిల్లల పళ్ళ మీద పసుపు గారలు, నలభై దాటకుండానే బిగుసుకుపోయే మోకాళ్ళు. నైట్రేటుది ఇంకో కథ. ఎరువులు బాగా వాడే చేల పక్కన, పేడదిబ్బల పక్కన ఉండే బోర్లలో అది ఎక్కువ. రెండింటిలో ఏది హద్దు దాటినా ఆ నీళ్ళు తాగడానికి లేదు.

కంప్యూటర్ రాకముందు ఈ లెక్కలన్నీ కెమిస్ట్ గారి రిజిస్టర్లో ఉండేవి. ఒక్కో బోరుకి ఒక్కో వరస. హద్దు దాటిన అంకెని ఎర్ర సిరాతో రాసేవారు. వరసలో ఎక్కడా ఎరుపు లేకపోతేనే నీలం గుర్తు. తర్వాత కంప్యూటర్ వచ్చింది, నన్ను వారం రోజులు ట్రైనింగ్‌కి పంపారు, రిజిస్టర్ బీరువా మీదకెక్కింది. ఆయన ఆ రోజు నుంచీ నన్ను పేరుతో పిలవడం మానేసి "ఏమ్మా కంప్యూటరమ్మా" అనడం మొదలుపెట్టారు. నాకూ కాస్త పొగరు తలకెక్కిన మాట నిజం. ఆయన పూటంతా వెతికేది నేను చిటికెలో తీస్తున్నానాయె.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. కంప్యూటర్ని అడిగే ప్రశ్నని క్వెరీ అంటారు. షరతులు ఒకటికి మించి ఉంటే వాటిని కలపడానికి ఆండ్, ఆర్ అని రెండు మాటలుంటాయి. ఆండ్ అంటే రెండు షరతులూ నెగ్గాలి. ఆర్ అంటే ఏ ఒక్కటి నెగ్గినా చాలు. ట్రైనింగ్‌లో రాసుకున్న నోట్సులో నేను వీటికి తెలుగు అర్థాలు కూడా పక్కనే రాసుకున్నాను. ఆండ్ అంటే 'మరియు', ఆర్ అంటే 'గాని'. నా కొంప ముంచింది ఆ నోట్సే.

ఒక ఫిబ్రవరిలో వినుకొండ అవతల తండా స్కూలు హెడ్‌మిస్ట్రెస్ మా ఆఫీసుకొచ్చింది. సన్నగా, ఎండకి కమిలిపోయి, భుజాన బ్యాగుతో నా టేబుల్ ముందు నిలబడింది. స్కూలు బోరుకి ఎర్ర గుర్తుంది. పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకుంటారు, అవి పదకొండింటికే అయిపోతాయి. ఆ తర్వాత ఎంత కాపలా కాసినా వెళ్ళి ఎర్ర గుర్తు బోరు నీళ్ళే తాగుతారు. స్కూలు ఆవరణలోనే అంగన్‌వాడీ కూడా ఉంది, మూడేళ్ళ పసివాళ్ళూ అవే నీళ్ళు తాగుతున్నారు.

"మేడమ్, గ్రూప్ ఫోటో తీస్తా నవ్వండ్రా అంటే మా పిల్లలు నోరు మూసుకుని నవ్వుతారు. పళ్ళు కనపడితే సిగ్గంట. మా తండాలో గానీ పక్క పల్లెలో గానీ ఒక్క మంచి బోరుంటే చెప్పండి, నేను మోయించుకుంటా" అంది.

నేను పెద్ద పోజుగా కంప్యూటర్ వైపు తిరిగాను. తండా బోర్లూ కావాలి, పల్లె బోర్లూ కావాలి. అంటే 'మరియు'. ఊరు తండా అవ్వాలి, ఆండ్, ఊరు పల్లె అవ్వాలి, ఆండ్, ఫ్లోరైడు తక్కువుండాలి, ఆండ్, నైట్రేటు తక్కువుండాలి. బటన్ నొక్కాను. ఒక్క వరస కూడా రాలేదు.

"లేవండీ, మీ చుట్టుపక్కల మంచి బోరు ఒక్కటి కూడా లేదు" అన్నాను. ఆవిడ నా స్క్రీన్ వంక ఒకసారి చూసి, బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు జాలేసింది గానీ అనుమానం మాత్రం రాలేదు. కంప్యూటర్ లేదన్నాక ఉంటుందా అనుకున్నాను.

మే నెలలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. స్కూళ్ళు తెరిచేలోగా అన్ని బోర్లకూ గుర్తులు కొత్తగా వేయాలట. అందులో వాక్యం నాకింకా అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'ఫ్లోరైడు గాని, నైట్రేటు గాని హద్దు మించని బోర్లకు నీలం గుర్తు వేయవలెను.' చక్కటి తెలుగు. వెంటనే నా నోట్సు గుర్తొచ్చింది, గాని అంటే ఆర్. ఫ్లోరైడు హద్దులోపు, ఆర్, నైట్రేటు హద్దులోపు అని రాసి నొక్కాను.

ఈసారి కాగితాలు వస్తూనే ఉన్నాయి. ఎప్పుడూ లేనంత పెద్ద లిస్టు. మా ఆఫీసు పెద్ద, ఇంజనీరు ఈఈ గారు దాన్ని చేత్తో తూచి చూసి, ఆఫీసు మొత్తానికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. మన పని వల్లే ఇన్ని బోర్లు బాగుపడ్డాయని పై వాళ్ళకి ఫోన్ చేసి చెప్పారు. కెమిస్ట్ గారు మాత్రం బజ్జీ ముట్టుకోలేదు. "మా సీసాల్లో నీళ్ళు మారలేదమ్మా, నీ కంప్యూటర్లో ఎట్టా మారినయ్యో" అని గొణుగుతూ వెళ్ళిపోయారు. ఆయన కుళ్ళుకుంటున్నారనుకుని నేను ఇంకో బజ్జీ తీసుకున్నాను.

ఆ వారమే హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసింది. "మేడమ్, మా స్కూలు బోరుకి నీలం వస్తుందంట గదా! పంచాయతీలో లిస్టు చూసినోళ్ళు చెప్పారు. బళ్ళు తెరిచిన రోజు నుంచీ సీసాలు తేనక్కర్లేదని పిల్లలకి చెప్పేశా" అంది. ఆ గొంతులో సంతోషం విని నేను పొంగిపోయాను. "అవునండీ, తాగించండి" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

బళ్ళు తెరవడానికి ఇంకో నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం ఎండలో మా పెయింటర్ ఆఫీసులోకి వచ్చాడు. మా వీధి మనిషే, నాకు బాబాయ్ వరస పెట్టి పిలవడం అలవాటు. ఆ రోజు ఆయన తండా దగ్గర ఉండాల్సింది. రంగు డబ్బా మూత కూడా తీయకుండా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఏంది బాబాయ్, వెళ్ళలేదా?"

"పోయానమ్మా. పోయి వచ్చా. ఆ బడి బోరుకి పోయినేడు ఎర్ర గుర్తేసింది నేనే, ఈ చేత్తోనే. ఇప్పుడు దాని మీద నీలం పూయమంటున్నారు. నీళ్ళు మళ్ళీ పరీక్ష చేశారా?"

"చేశాంగా. లిస్టులో ఉందిగా."

"లిస్టులో ఉంటే ఉండనీ. ఆ పంపు గచ్చు మీద కూర్చుని ఓ పసిపిల్ల నీళ్ళు తాగుతా నా డబ్బా వంక చూసి, 'నీలమేనా తాతా' అని అడిగింది. నాకు చెయ్యి రాలా. ఒక్కసారి చూడమ్మా, తప్పైతే నన్ను తిట్టు, రేపే పోయి పూసేస్తా."

ఆయన మొహం చూసి కాదనలేకపోయాను. స్కూలు బోరు వరస తెరిచాను. నైట్రేటు హద్దులోపే ఉంది. ఫ్లోరైడు హద్దుకి రెండింతలుంది. అంత ఫ్లోరైడున్న బోరు నీలం లిస్టులోకి ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కంప్యూటర్ని నమ్మాలో కళ్ళని నమ్మాలో తెలియక, లేచి వెళ్ళి కెమిస్ట్ గారి గుమ్మం ముందు నిలబడ్డాను.

ఆయన ఏమీ దెప్పలేదు. అది నాకింకా కష్టమనిపించింది. స్టూలు వేసుకుని బీరువా మీద నుంచి రిజిస్టర్ దించారు. దుమ్ము దులిపి, స్కూలు బోరు వరస కింద స్కేలు పెట్టారు. ఒక అంకె నీలం సిరా, ఒక అంకె ఎర్ర సిరా.

"కంప్యూటర్ని ఏమని అడిగావు?"

"ఉత్తరంలో ఉన్నట్టే అడిగానండీ. ఫ్లోరైడు గాని నైట్రేటు గాని మించనివి."

"నేనూ అదే గదమ్మా చూసేది. ఇదీ ఎరుపు కాకూడదు, అదీ ఎరుపు కాకూడదు."

ఇదీ, అదీ. ఆ రెండు దీర్ఘాలు చెవిన పడగానే నాకు మొత్తం తెలిసిపోయింది. 'గాని... గాని... మించని' అంటే రెండూ మించకూడదనే. 'లేని', 'కాని', 'మించని' లాంటి మాట వెనకుంటే మన గాని ఆర్ కాదు, ఆండ్. పుట్టినప్పటి నుంచీ ఈ భాషే మాట్లాడుతున్నాను, 'చెల్లి గానీ తమ్ముడు గానీ లేని పిల్ల' అంటే ఎవరూ లేని పిల్లేనని నాకు తెలియదా? మనుషుల ముందు కూర్చుంటే తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మర్చిపోయాను. నేను ఆర్ పెట్టాను కాబట్టి, ఒకటి బాగుంటే చాలని అది విషం నీళ్ళని కూడా మంచి నీళ్ళలో కలిపేసింది. తప్పు దానిది కాదు. అది నేను అడిగినదానికే జవాబు చెప్పింది.

కెమిస్ట్ గారు వెంట రాగా నా సీటుకొచ్చి, ఆర్ తీసి ఆండ్ పెట్టాను. లిస్టు సగానికి సగం తగ్గిపోయింది. స్కూలు బోరు మాయమైంది. అక్కడే ఏడ్చేశాను. తండా పిల్లలకి నేను నా నోటితో 'తాగించండి' అన్న మాట గుర్తొచ్చి ఏడ్చాను.

పెయింటర్ బాబాయ్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "ఆ బడిలో నీలం చూసి ఇంకా ఎవురూ తాగలేదులేమ్మా. బళ్ళు తెరవలా గదా" అన్నాడు. ఆ మాటతో తేరుకున్నాను. ఒకసారి ఇంత తప్పు చేసినదాన్ని, ఫిబ్రవరిలో ఆవిడకి చెప్పిన జవాబు మాత్రం ఒప్పని ఏముంది అనిపించింది. పాత ప్రశ్న తెరిచి చూశాను. ఊరు తండా, ఆండ్, ఊరు పల్లె. ఒకే బోరు రెండు ఊళ్ళలో ఎలా ఉంటుంది? 'తండావీ పల్లెవీ' అని మనం కలిపి అడిగేటప్పుడు రెండు ఊళ్ళ బోర్లూ తెమ్మని అర్థం. ఒక్కొక్క బోరునీ పట్టి చూసే కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఆర్ చెప్పాలి. మన గాని దగ్గర ఆండ్, మన దీర్ఘం దగ్గర ఆర్. రెండూ తిరగేసి పెట్టాను నేను!

ఆర్ పెట్టి నొక్కాను. ఈసారి వరసలు వచ్చాయి. అన్నిటికన్నా పైన ఉన్నది మళ్ళీ ఆ స్కూలు బోరే.

"ఇది పోయిందన్నావు గదమ్మా!" అన్నారు కెమిస్ట్ గారు.

ట్రైనింగ్ నోట్సు చివరి పేజీ దాకా తిరగేశాను. ఆండ్, ఆర్ ఒకే చోట ఉంటే కంప్యూటర్ ముందు ఆండ్‌లని ముడి వేసుకుంటుందని అక్కడ నా చేతి రాతతోనే ఉంది. అంటే అది నా ప్రశ్నని ఇలా చదివింది: తండాలో ఉన్న ఏ బోరైనా సరే, లేకపోతే పల్లెలో ఉండి రెండూ తక్కువున్న బోరు. మంచీచెడూ చూడటం పల్లెకే పరిమితం చేసి, తండా బోర్లన్నిటినీ ఊరికే వదిలేసింది. ఊళ్ళు రెండింటినీ ఒక బ్రాకెట్లో పెట్టాలి.

"బ్రాకెట్ అంటే ఏందమ్మా?" అన్నాడు బాబాయ్.

"కంచె బాబాయ్. ఈ రెండు ఊళ్ళూ ఒక దొడ్లో ఉన్నాయి, ముందు దొడ్డి చూడు, ఆ తర్వాత నీళ్ళు చూడు అని చెప్పడం."

కంచె వేశాను. బటన్ నొక్కాను. ఒక్కటంటే ఒక్క వరస వచ్చింది. పల్లె పరిధిలోది, గొర్రెల తొట్టి దగ్గర చేతిపంపు. ఫ్లోరైడు తక్కువ, నైట్రేటు తక్కువ.

"ఓరి దేవుడా, అది నాకు తెల్సు!" అని బాబాయ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "బడి ఎదురుగానే, రోడ్డుకి అవతల పక్కన. రోడ్డే పొలిమేర. గొర్లు తాగే పంపు గదా అని దానికి ఎవురూ గుర్తు వేయమనలా, నేను వేయలా."

కెమిస్ట్ గారు వెళ్ళిన ప్రతి ఊళ్ళో కనిపించిన ప్రతి పంపు నీళ్ళూ సీసాలో పట్టే మనిషి. ఆ చాదస్తం మీద మేమంతా ఎన్ని జోకులు వేసుకున్నామో. ఆ చాదస్తమే లేకపోతే ఆ వరస మా కంప్యూటర్లో ఉండేదే కాదు. ఇన్నాళ్ళూ గొర్రెలు మంచి నీళ్ళు తాగాయి, రోడ్డుకి ఇవతల పిల్లలు చెడ్డ నీళ్ళు తాగారు.

ఇక ఈఈ గారికి చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నం ఆయన క్యారియర్ విప్పుకునే వేళకి వెళ్ళాను. ఆయన మంచివారే, కాకపోతే పైకి ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడమంటే ప్రాణం మీదకొచ్చినట్టు. సంగతంతా విని మొహం ఎర్రగా చేసుకున్నారు.

"ఏమ్మా, ఇప్పుడు పైకి ఏం చెప్పమంటావ్? మా ఆఫీసులో గాని అనే మాట ఎవరికీ అర్థం కాలేదని చెప్పమంటావా? ఉత్తరంలో గాని ఉంది, నువ్వు ఆర్ పెట్టావు, కరెక్టే గదా?"

ఆయనకి బీపీ, కడుపులో అల్సరు. మెస్‌కి రోజూ చెప్పి పంపే మాట ఆఫీసందరికీ నోటికొచ్చు.

"సార్, మెస్ వాళ్ళకి మీరు ఏం చెప్తారు?"

"ఏముంది, ఉప్పు గానీ కారం గానీ ఎక్కువ లేని కూర పంపమంటా."

"ఇవాళ కారం తక్కువేసి, ఉప్పు గుప్పెడు పోసి పంపారనుకోండి. తింటారా?"

"ఎట్టా తింటానమ్మా, చస్తా!"

"నా లిస్టు ప్రకారం తినొచ్చండీ. రెండిట్లో ఒకటి తక్కువుందిగా. తండా పిల్లలకి ఆ కూరే పెడుతున్నాం సార్."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. ముద్దని వెనక్కి క్యారియర్లో పెట్టేశారు. తర్వాత ఎడమ చేత్తో ఫోన్ తీసి, పైవాళ్ళకి నా ఎదురుగానే చెప్పారు. "సార్, మా లిస్టు తప్పు. నాదే పొరపాటు, చూసుకోకుండా చెప్పాను. కొత్తది పంపుతున్నా." నా పేరు ఎత్తలేదు. ఫోన్ పెట్టేసి, "కూర చల్లారిపోయింది, పో ఇంక" అని కసురుకున్నారు. ఆ కసురుకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఇంక మా ఆఫీసు పరుగు చూడాలి! కెమిస్ట్ గారు తొలి బస్సుకి వెళ్ళి గొర్రెల పంపు నీళ్ళు మళ్ళీ పట్టుకొచ్చి పరీక్ష చేశారు. రెండు అంకెలూ నీలం సిరాతోనే రాసి, రిజిస్టర్ నా టేబుల్ మీదకి తోశారు. "బీరువా మీద పెట్టకు" అన్నారు. పెట్టలేదు. నేను రిటైరయ్యే దాకా అది నా కంప్యూటర్ పక్కనే ఉంది, తీసిన ప్రతి లిస్టులోనూ ఓ పది వరసలు దానితో సరిచూసుకున్న తర్వాతే సంతకానికి పెట్టాను. మీకూ అదే చెప్తాను. జవాబు ఖాళీగా వచ్చినా, ఆశ పుట్టేంత ఎక్కువగా వచ్చినా, ముందు మీరు అడిగిన ప్రశ్నని అనుమానించండి.

బాబాయ్ అప్పటికే తప్పు నీలం పూసిన పంపులన్నిటి మీదా మళ్ళీ ఎరుపు పూసి వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్‌కి మాత్రం నేనే ఫోన్ చేశాను. స్కూలు బోరు తాగించొద్దని, తప్పు నాదని, ఫిబ్రవరిలో చెప్పిందీ తప్పేనని, ఆండ్ పెట్టాల్సిన చోట ఆర్, ఆర్ పెట్టాల్సిన చోట ఆండ్ పెట్టానని మొత్తం చెప్పుకున్నాను.

"అయితే ఫిబ్రవరి నుంచీ మంచి నీళ్ళు నా ఎదురుగుండానే ఉన్నాయా మేడమ్?"

"ఉన్నాయండీ."

"ఒక పంపు రెండు ఊళ్ళలో ఉండాలని అడిగారా మీరు?" అంది. కోపం కోపంగానే మొదలుపెట్టి, మధ్యలో పకపకా నవ్వేసింది. నాకు కూడా ఏడుపులో నవ్వొచ్చింది.

బళ్ళు తెరిచిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. గొర్రెల పంపు మీద బాబాయ్ వేసిన నీలం గుర్తు ఇంకా తడిగానే ఉంది. దానికి అటూ ఇటూ రెండు వంకర గీతలు కూడా గీశాడు. అవేంటని అడిగితే, "నీ కంచె" అన్నాడు. పిల్లలు రోడ్డు దాటి వరసలో వచ్చి తాగారు. అంగన్‌వాడీ వాళ్ళని ఆయాలు ఎత్తుకుని తెచ్చారు. కొన్నాళ్ళకి పంపు నుంచి స్కూల్లోకి పైపు కూడా వేయించారు ఈఈ గారు. అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

అప్పటి పెద్ద పిల్లల పళ్ళ మీద గారలు పోలేదు, పోవు. ఆ వయసు దాటిపోయింది. పాలపళ్ళు ఊడాక వచ్చే పళ్ళు, పసితనంలో తాగిన నీళ్ళని బట్టి ఉంటాయని కెమిస్ట్ గారు చెప్పారు. అందుకని అంగన్‌వాడీ వాళ్ళ కోసం ఎదురుచూడాల్సిందే అన్నారు. నేను రిటైరయ్యాను, ఆయనా అయ్యారు. నా ఎదురుచూపు మాత్రం కాలేదు.

పోయిన నెల నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. స్కూలు గోడ ముందు మూడో తరగతి పిల్లలు, ఆనాటి ఆ పసివాళ్ళే. ఒక్కరు కూడా నోరు మూసుకోలేదు. ముందు పళ్ళు కొత్తగా, పెద్దగా, తెల్లగా ఉన్నాయి. కింద హెడ్‌మిస్ట్రెస్ రాసింది:

"పళ్ళూ బాగున్నాయి, నవ్వూ బాగుంది. ఇది ఆండేనా మేడమ్?"

కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్క మొహాన్నీ పెద్దది చేసి చూసి, అప్పుడు జవాబు కొట్టాను.

"ఆండే టీచరమ్మా. అనుమానం లేదు, నేను అందర్నీ సరిచూశాను."